‘లొంగిపోవు’ అని రాసుకుంటే సరిపోదు

పోటీ పరీక్షల కోసం అచ్చయ్యే ఇంగ్లిష్ గైడ్లలో పర్యాయపదాల పట్టికలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ఈల్డ్, సబ్మిట్, సరెండర్, సక్కంబ్, రిలెంట్ అంటూ ఎడమవైపు క్రియలు బారులు తీరుతాయి. కుడివైపు వాటన్నిటికీ కలిపి ‘లొంగిపోవు’ అనో ‘తలొగ్గు’ అనో ఒక్క మాట ఉంటుంది. అభ్యర్థి ఆ వరస కంఠతా పట్టి, పరీక్షలో సరైన గడి నింపి మార్కు తెచ్చుకుంటాడు. మార్కు వచ్చినంత మాత్రాన మాట వచ్చినట్టు కాదన్నది అందరూ ఒప్పుకునే సంగతే. కానీ దానికి మనవాళ్లు చెప్పే మందు మాత్రం నాకు ఎక్కడంలేదు. తెలుగు అర్థాలు పక్కన పడేసి ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే నేర్పితే అంతా చక్కబడుతుందని చాలామంది నమ్ముతున్నారు. ఆ పట్టికలో తెలుగు ఉండడం లోపం కాదని, మరీ తక్కువగా ఉండడమే లోపమని నా వాదన. ఈల్డ్ అనే ఒక్క క్రియను దగ్గరగా చూస్తే చాలు, సంగతి బయటపడుతుంది.

ముందుగా, ఈ మాటలు బడికి వెళ్లకుండానే మన వాడుకలోకి ఎలా వచ్చాయో చూడాలి. విత్తనాల దుకాణంలో పత్తి రైతు ‘ఈ రకం ఈల్డ్ ఎంత వస్తుంది?’ అని అడుగుతాడు. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు దిగుతుందన్నదే ఆయన ప్రశ్న. చేను ఎవరికో లొంగుతుందని ఆయన ఏనాడూ అనుకోడు. ప్రభుత్వ ఉద్యోగి ‘సరెండర్ లీవు బిల్లు ఇంకా పడలేదు’ అని వాపోతాడు. వాడుకోని సంపాదిత సెలవును సర్కారుకు తిరిగి ఇచ్చేసి జీతం డబ్బు తీసుకోవడం అది. అందులో ఓటమీ లేదు, అవమానమూ లేదు. ఎల్‌ఐసీ పాలసీని మధ్యలో వదులుకుంటే చేతికొచ్చేది సరెండర్ వాల్యూ. ఇక ‘అప్లికేషన్ సబ్మిట్ చేశా’ అనేవాళ్లు కోకొల్లలు. వాళ్లలో ఎవరూ ఎవరి ముందూ మోకరిల్లలేదు. వీళ్లందరిలో ఎవరూ నిఘంటువు చూడలేదు. పంట పక్కన విన్నారు, సెలవు పక్కన విన్నారు, దరఖాస్తు పక్కన విన్నారు. మాట ఏ మాటల మధ్య తిరుగుతుందో గమనించి అర్థం పట్టేశారు. గైడు రాసేవాళ్లు సరిగ్గా ఆ ఇరుగుపొరుగునే కత్తిరించేసి, మాటను ఒంటరిగా పట్టికలోకి ఎక్కిస్తున్నారు.

ఒంటరి చేసిన మాట ఎంత దూరం వస్తుందో చూడండి. పేపరు వాణిజ్య పేజీలో ‘బాండ్ ఈల్డ్స్ పెరిగాయి’ అని ఉంటుంది. 100 రూపాయల ముఖ విలువ మీద ఏటా 7 రూపాయల వడ్డీ ఇచ్చే బాండును 95కే కొంటే రాబడి దాదాపు 7.37 శాతం అవుతుంది. ధర తగ్గితే ఈల్డ్ పెరుగుతుందన్నది ఇదే లెక్క. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత, మళ్లీ 2009లో డీఆర్‌డీఓ మాజీ శాస్త్రవేత్త సంతానం మాట్లాడిన తర్వాత, దేశమంతా వాదించుకున్నది థర్మోన్యూక్లియర్ పేలుడు ఈల్డ్ ఎన్ని కిలోటన్నులు అన్నదాని మీదే. లోక్‌సభలో ప్రసంగిస్తున్న సభ్యుడికి మరొకరు అడ్డు తగిలితే ‘ఐ యామ్ నాట్ ఈల్డింగ్’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. తన వంతు సమయాన్ని వదులుకోవడం లేదని దాని అర్థం. ఒప్పుకుంటే ఆయన కూర్చుంటాడు, అవతలివారు మాట్లాడతారు, తర్వాత ఆయనే కొనసాగిస్తాడు. ఇన్నిచోట్ల ‘లొంగిపోవు’ అన్న ఒక్క అర్థం పెట్టి చూడండి. ఒక్కచోటా పొసగదు.

ఇంటికి వాడే ఇనుప కడ్డీ దగ్గర ఈ మాట ఇంకా ఆసక్తిగా ఉంటుంది. హైవే పొడవునా టీఎంటీ కడ్డీల హోర్డింగులపై ‘ఎఫ్‌ఈ 500’ అనో ‘500డి’ అనో రాసి ఉంటుంది. ఆ 500 అంకె కడ్డీ ఈల్డ్ బలం: చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్లు. అంతవరకు లాగి వదిలితే కడ్డీ తిరిగి తన పొడవుకు వస్తుంది. ఆ హద్దు దాటితే సాగుతుంది, సాగిన మేర వెనక్కి రాదు. అయినా తెగదు. తెగడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి. ‘డి’ అనే అక్షరం సాగే గుణానికి గుర్తు. భూకంపం వచ్చినప్పుడు ఇంజనీరు కోరుకునేది ఈ గుణాన్నే. కడ్డీ ఒక్కసారిగా పుటుక్కుమనకుండా సాగుతూ కుదుపు శక్తిని మింగేస్తే, లోపలివాళ్లు బయటపడేందుకు వ్యవధి దొరుకుతుంది. విరగడానికి ముందు ఇచ్చుకునే ఈ వెసులుబాటునే ఇంగ్లిష్ ఈల్డ్ అంటుంది. మన మేస్త్రీల భాషలో ‘సాగింది’, ‘వంగింది’ అనే మాటలు దీనికి ఎంత దగ్గరో, ‘లొంగింది’ అంత దూరం. డిప్లొమా విద్యార్థి ఈల్డ్ పాయింట్ నిర్వచనాన్ని వల్లెవేస్తాడు. ఇంగ్లిష్ పేపర్లో అదే క్రియకు మరో అర్థం వల్లెవేస్తాడు. రెండూ ఒకే మాటని చెప్పే బాధ్యత ఏ సబ్జెక్టు టీచరూ తన నెత్తిన వేసుకోడు.

అమెరికాలో మనవాళ్లు ఈ మాటను రోడ్డు మీద కలుసుకుంటారు. ఎరుపు, తెలుపు రంగుల్లో తలకిందుల త్రికోణం, దానిపై ఈల్డ్ అన్న అక్షరాలు. ఆ బోర్డు మొదట 1950లో ఓక్లహోమా రాష్ట్రం టల్సా నగరంలో వెలిసింది. దాన్ని రూపొందించినవాడు క్లింటన్ రిగ్స్ అనే పోలీసు అధికారి. మన దేశంలో అదే త్రికోణాన్ని ‘గివ్ వే’ అంటాం. ఎదుటి బండికి దారి ఇవ్వు, అవసరమైతే ఆగు, ఆ తర్వాత నువ్వు వెళ్లు అన్నది దాని ఆదేశం. అక్కడి కొన్ని రాష్ట్రాల డ్రైవింగ్ పుస్తకాలు ఇందులో ఒక చక్కని మెలిక చెబుతాయి: ముందు వెళ్లే హక్కు ఫలానావాడిదని చట్టం ఎక్కడా చెప్పదు, ఎవరు దారి ఇవ్వాలో మాత్రమే చెబుతుంది. అంటే ఈల్డ్ చేసేవాడు ఓడిపోయినవాడు కాడు, తన వంతు వచ్చేదాకా నిలిచినవాడు. గైడు పట్టిక బట్టీపట్టి వెళ్లిన కుర్రవాడికి ఈ బోర్డు అర్థం కాకపోతే తప్పు వాడిది కాదు.

ఇన్ని అర్థాలకూ ఒక వేరు ఉంది. పాత ఇంగ్లిష్‌లో ఈ క్రియకు మొదటి అర్థం చెల్లించడం, బాకీ తీర్చడం. జర్మన్‌లో డబ్బును గెల్డ్ అంటారు, అది దీని చుట్టమే. డేన్ దోపిడీదారులకు ఇంగ్లండు రాజులు కట్టిన సొమ్మును తర్వాతి కాలంలో డేన్‌గెల్డ్ అన్నారు, అదీ దీని చుట్టమే. చెల్లించడం నుంచి రెండు పాయలు చీలాయి. భూమి రైతుకు చెల్లించేది పంట. బలవంతుడికి బలహీనుడు చెల్లించేది విధేయత. తెలుగువాడికి ఇది వింతగా అనిపించనక్కర్లేదు. సామంతుడు చక్రవర్తికి కప్పం కట్టడంలో డబ్బు చెల్లించడం, తల వంచడం రెండూ ఒకే పనిలో ఇమిడి ఉన్నాయి. ‘సమర్పించుకొను’ అనే మన క్రియ కూడా దేవుడికి కానుక దగ్గర ఒకలా, ప్రత్యర్థికి వికెట్టు దగ్గర మరోలా పలుకుతుంది. వ్యుత్పత్తి తెలిస్తే వాడుక వచ్చేస్తుందని నేను అనను. నైస్ అనే మాటకు లాటిన్ మూలం ‘తెలియనివాడు’ అని తెలుసుకుని ఎవరికీ ఒరిగేది లేదు. కానీ ఈల్డ్ విషయంలో మూలార్థం ఇప్పటికీ బతికే ఉంది. అడిగినదాన్ని, లాగినదాన్ని, రావలసినదాన్ని ఇచ్చేయడం అన్నది పంటలోనూ బాండులోనూ కడ్డీలోనూ సభలోనూ కనిపిస్తుంది. ఈ ఒక్క వాక్యం పట్టికలో ఉంటే సగం గందరగోళం పోయేది.

మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలన్న ఆలోచన నాది కాదు. బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫిర్త్ 1957లో దాన్ని సిద్ధాంతంగా చెప్పారు. ఆయన 1920లలో లాహోరులో ఇంగ్లిష్ ఆచార్యుడిగా పనిచేశారు, 1937లో గుజరాతీ, తెలుగు భాషల అధ్యయనం కోసం మళ్లీ మన దేశానికి వచ్చారు. మన భాషను చెవులారా విన్న మనిషి చెప్పిన మాట మన బడుల్లోకి ఇంకా రాకపోవడం చిత్రమే. ఫిర్త్ కంటే ముందే ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతూ, ప్రతి క్రియా ఏ వాక్య నిర్మాణంలో ఒదుగుతుందో సూచించే నిఘంటువు కూర్చారు. 1942లో టోక్యోలో వెలువడిన ఆ పుస్తకాన్నే 1948 నుంచి ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల నిఘంటువుగా ప్రపంచమంతా వాడుతోంది. 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ బృందం దాదాపు 2 కోట్ల పదాల నిజమైన వాడుకను కంప్యూటర్లోకి ఎక్కించి కోబిల్డ్ నిఘంటువు తెచ్చింది. అందులో అర్థాలు విడి మాటలుగా ఉండవు, పూర్తి వాక్యాలుగా ఉంటాయి. ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారో ఆ వాక్యమే చెప్పేస్తుంది. ఇంగ్లిష్ పరాయి భాషగా ఉన్నవాళ్లకు నేర్పిన అనుభవంలోంచి, నిజమైన వాడుక పరిశీలనలోంచి పుట్టిన పద్ధతులివి. మన గైడ్లు మాత్రం ఇంకా ఒక మాటకు ఒక మాట దగ్గరే ఆగిపోయాయి.

ఇక తెలుగు సంగతి. మన దినపత్రికల శీర్షికలే సాక్ష్యం. మావోయిస్టుల విషయంలో, కోర్టుకు వచ్చిన నిందితుడి విషయంలో ‘లొంగుబాటు’ అంటాం. సమ్మె తర్వాత ప్రభుత్వం డిమాండ్లు ఒప్పుకుంటే ‘దిగొచ్చిన సర్కార్’ అంటాం. యాజమాన్యం కాస్త పట్టు విడిస్తే ‘మెట్టు దిగింది’ అంటాం. నాయకుడు విదేశీ ఒత్తిడికి ఒప్పుకుంటే ప్రతిపక్షం ‘దాసోహం అన్నారు’ అంటుంది, అధికారపక్షం ‘పట్టువిడుపులు ప్రదర్శించాం’ అంటుంది. జరిగింది ఒకటే, మాటలోనే తీర్పు ఉంది. బ్యాటర్లు వరసగా అవుటైతే ‘చేతులెత్తేశారు’, బౌలర్ను చితకబాదితే ‘4 ఓవర్లలో 50 పరుగులు సమర్పించుకున్నాడు’. తండ్రి మొదట కాదని తర్వాత ఒప్పుకుంటే ‘మెత్తబడ్డాడు’. పెద్దవారి అభిప్రాయాన్ని గౌరవించి పక్కకు తప్పుకుంటే ‘మాట మన్నించాడు’. అధికారం, ప్రేమ, భయం, మర్యాద, అలసట, ఇలా కారణం మారినప్పుడల్లా తెలుగు వేరే క్రియ అందుకుంటుంది. పదో తరగతి పిల్లవాడికి ఈ తేడాలన్నీ నోటికి తెలుసు. ఇంత సంపద ఉన్న పిల్లవాడి ముందు పట్టిక పెట్టి, ఇవన్నీ ‘లొంగిపోవు’ అని చెప్పడం వాడికి తెలిసినదాన్ని కూడా మరిపించడమే.

ఆ సంపదను వాడితే ఏమవుతుందో రిలెంట్ దగ్గర చూడవచ్చు. మొండికేసినవాడి మనసు కరగడం దాని ముఖ్యార్థం. ఇంగ్లిష్‌వాళ్లు దాన్ని వానకు కూడా వాడతారు. కోస్తాలో అల్పపీడనం పట్టినప్పుడు మనం అనే ‘తెరిపి లేని వాన’లోని ‘లేని’ తీసేస్తే మిగిలే తెరిపి అదే. ఏ గైడులోనూ రిలెంట్ పక్కన ‘తెరిపి’ కనిపించదు గానీ, చెబితే పిల్లవాడు జన్మలో మరచిపోడు. సక్కంబ్ సంగతి ఇంకో రకం. మన దేశపు ఇంగ్లిష్ పత్రికల్లో రోడ్డు ప్రమాద బాధితుడు గాయాలకు ‘సక్కంబ్’ అవుతాడు. అదే వార్త తెలుగులో ‘చికిత్స పొందుతూ మృతి’ అని వస్తుంది. గాయాలకు లొంగిపోయాడని ఏ సబ్ ఎడిటరూ రాయడు. అనువాదం చేసే చేతికి తెలిసిన విషయం, పాఠం రాసే చేతికి తెలియకుండా పోతోంది.

వ్యాకరణం దగ్గర కూడా తెలుగు అడ్డం రాదు. ఈల్డ్ రెండు రకాలుగా నడుస్తుంది. దిగుబడి, ఫలితాలు, సమాచారం వంటివాటిని ఇచ్చేటప్పుడు నేరుగా కర్మను తీసుకుంటుంది. ఒత్తిడికో ప్రలోభానికో తలొగ్గేటప్పుడు ‘టు’ అనే విభక్తి ద్వారా నడుస్తుంది. మన ‘ఫలితాలను ఇచ్చింది’, ‘ఒత్తిడికి తలొగ్గింది’ అనే రెండు వాక్యాల్లో ‘ను’, ‘కి’ ప్రత్యయాలు ఆ పనే చేస్తున్నాయి. ఈ పోలిక చెప్పకపోతే పిల్లలు ‘ఎవరి ముందు లొంగాడు’ అన్నదాన్ని మక్కీకి మక్కీ దించి, ‘టు’ రావలసిన చోట ‘బిఫోర్’ పెడతారు. తప్పుకు మూలం తెలుగే, దిద్దుబాటుకు సాధనమూ తెలుగే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనది. పిల్లవాడు వేల మాటలు నేర్చుకోవాలి, ఒక్కో క్రియకు ఇంత కథ చెబుతూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడు అవుతుంది? పైగా మాట, దాని మాతృభాషా అర్థం జతగా కార్డుల మీద రాసుకుని నేర్చుకోవడం తొలి దశలో బాగా పనిచేస్తుందని పదసంపద మీద జీవితమంతా పరిశోధించిన న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ వంటివారే చెప్పారు. నిజమే. ఆ జతను నేను వద్దనడం లేదు, ఆఖరి మెట్టుగా చూడొద్దంటున్నాను. నేషన్ లెక్కలో కూడా మాట తెలియడమంటే రూపం, అర్థం, వాడుక మూడూ తెలియడం. కార్డు మొదటి రెంటినీ కొంతవరకు ఇస్తుంది. ఇక సమయం మాట. బెంగాల్‌లో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన పదపట్టికలో సుమారు 2,000 మాటలే ఉన్నాయి. సాధారణ ఇంగ్లిష్ పుటలో దాదాపు 80 శాతం ఆ మాటల కుటుంబాలతోనే నిండుతుంది. అంటే అన్నిటికీ కథ అక్కర్లేదు. తరచూ వచ్చే క్రియల దగ్గర ఆగి, కాపిట్యులేట్ వంటి అరుదైన వాటిని జతగా నేర్చుకుని ముందుకు పోవచ్చు. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు: అరుదైన మాటలు గైడు నిండా ఉంటాయి, రోజూ పనికొచ్చేవి ‘తెలిసినవే కదా’ అని వదిలేస్తారు.

తరగతిలో తెలుగు వినిపిస్తే ఇంగ్లిష్ ఎప్పటికీ రాదన్నది రెండో అభ్యంతరం. ఇందులో సగం నిజం ఉంది. పీరియడంతా తెలుగులో వివరిస్తూ, ఇంగ్లిష్ వాక్యం ఒక్కటి కూడా పిల్లల నోట పలికించని టీచర్లు ఉన్నారు. అది తెలుగు తప్పు కాదు, పలికించకపోవడం తప్పు. ఇంగ్లిష్ వాక్యాలు పదే పదే వినాలి, చదవాలి, రాయాలి. ఆ పని ఇంగ్లిష్‌లోనే జరగాలి. కానీ ‘మెత్తబడు’, ‘దిగివచ్చు’, ‘దారి ఇవ్వు’ అనే మూడు మాటలతో అరనిమిషంలో తేలిపోయే తేడాను, సగమే అర్థమయ్యే ఇంగ్లిష్ నిర్వచనాలతో పది నిమిషాలు సాగదీయడం వల్ల ఇంగ్లిష్ వినే సమయం పెరగదు, అయోమయం పెరుగుతుంది. ఇంట్లో ఇంగ్లిష్ పుస్తకాలు ఉన్న పిల్లవాడు ఎలాగో గట్టెక్కుతాడు. మొదటి తరం చదువుకుంటున్న ఇంటి పిల్లకు మాత్రం సొంత భాషే చేతి ఆసరా. దాన్ని గుంజుకుని ఈత నేర్చుకోమంటే ఎలా? 1958 నుంచి ఇంగ్లిష్ బోధనకే అంకితమైన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, హైదరాబాద్‌లోనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల బడుల కోసం క్రియల వాడుకను తెలుగు వాక్యాలతో సరిపోల్చి చూపే చిన్న పుస్తకం వేయించడానికి విదేశీ నిపుణులెవరూ అక్కర్లేదు.

ఫోనే అనువాదం చేసిపెడుతుంటే ఇదంతా ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ఫోను అనువాదం ఎప్పటి నుంచి బాగుపడిందో చూస్తే వాళ్లకే జవాబు దొరుకుతుంది. మాటలను, ముక్కలను జతచేసే పాత పద్ధతి వదిలి, 2016 నుంచి గూగుల్ మొత్తం వాక్యాన్ని చూసే న్యూరల్ పద్ధతికి మారింది. యంత్రం కూడా మాట సావాసం చూశాకే కాస్త బాగా అనువదించడం మొదలుపెట్టింది.

అసలు చిక్కు పరీక్ష దగ్గరే ఉంది. నాలుగు ఆప్షన్లలో పర్యాయపదం గుర్తించమని అడిగినంతకాలం కోచింగ్ సెంటర్లు పట్టికలే అమ్ముతాయి, వాటిని తప్పుపట్టలేం. అడగాల్సిన ప్రశ్న మరోలా ఉండవచ్చు. ఈల్డ్ వచ్చే నాలుగు ఇంగ్లిష్ వాక్యాలిచ్చి, ఏ వాక్యానికి ఏ తెలుగు వాక్యం సరిపోతుందో జతపరచమనవచ్చు. రెండు రాష్ట్రాల గ్రూప్స్ జనరల్ స్టడీస్ ప్రశ్నపత్రాలు ఎలాగూ రెండు భాషల్లో వస్తున్నాయి కాబట్టి రెండు భాషల ప్రశ్న అచ్చువేయడం కొత్త కాదు. ఇలాంటి ప్రశ్నలకు ‘కీ’ మీద అభ్యంతరాలు వెల్లువెత్తుతాయని పరీక్షల బోర్డులు భయపడవచ్చు. అభ్యంతరాలు ఇప్పుడు మాత్రం లేవా? ఈల్డ్‌కు పర్యాయపదం అడిగి, ఆప్షన్లలో సరెండర్, సబ్మిట్ రెండూ పెట్టి, ఒక్కదానికే మార్కు వేస్తే, రెండూ లొంగిపోవడమే కదా అని గైడు తెరిచి చూపించే అభ్యర్థికి ఏ బోర్డు ఏం జవాబిస్తుంది?